సున్నపు స్తంభ విజయం

కాకతీయ శిలాతోరణాలు నలుదిక్కులా నిలిచి చూస్తుండగా, కార్తీక మంగళవారం పగలు పదకొండు గంటల వేళ, ఓరుగల్లు మహానగరంలో ఒకానొక ఇరుకు గల్లీ మొదట, కొంగు నడుముకు బిగించి, ఆరిపోయిన వీధిదీపం కింద మొగిలమ్మ సమరసన్నద్ధయై నిలిచింది.

ఇరవై రోజులుగా అక్కడ తిమిరాసురునిదే రాజ్యం. బండ లేచిపోయిన మురుగు మోరీ అతని సేనాపతి. హనుమకొండ దవాఖానలో నర్సుగా చేసే మొగిలమ్మ కోడలు యమున, నిన్న పొద్దుగూకినంక ఆటో దిగి వస్తూ మోకాలిదాకా అందులో దిగబడింది. "ఇగ ఈ నౌకరి నాతోని కాదత్తా," అంది చున్నీ పిండుకుంటూ. కోడలిని పట్టుబట్టి నర్సు చదివించిన అత్త గుండెలో ఆ మాట శరమై నాటింది.

అంతట మునిసిపాలిటీ నిచ్చెన బండి మీద, కరమందు సెల్‌ఫోను ధరించి, లైన్‌మన్ ఇర్షాద్ వేంచేశాడు.

"అవ్వా, పోలు నంబర్ చెప్పు."

"నంబరెందుకు బిడ్డా? పోలే నీ ముంగటున్నది, కనవడ్తలేదా?"

"నాకు కనవడ్తాంది. సిస్టంకు కనవడది. నంబర్ కొట్టకుంటే బండిల ఉన్న బల్బు పెట్టనియ్యరు." స్తంభాన్ని తడిమి చూశాడు. మనిషెత్తు సున్నం, మీద ఎర్రజాజు పట్టీలు. "ఎవరో మస్తు పూసిన్రు."

"ఎవరో ఏమో, ఆళ్ల చేతులిరుగ!" అంది మొగిలమ్మ.

ఏటా బోనాలకు ఇంటి గోడలకు పోగా మిగిలిన సున్నాన్ని, పాపం ఒంటరిగా నిలబడ్డదని, ఆ స్తంభానికి పూసిన చేతులు ఆమెవే. ఆ చేతులకు మనసులోనే క్షమాపణ చెప్పుకుని, పాకశాలాయుధమైన అట్లకాడను తెచ్చి, పీటనెక్కి, ఈ ఏటి పొరను, నిరుటి పొరను, ముందటేటి పొరను, మూడేళ్ల తన భక్తిని తానే గీకుతూ, సున్నధూళిధవళిత గాత్రయై, స్వేదధారలు కారుతుండగా, ఆ వీరవనిత ఘోరంగా పోరాడింది.

"నాలుగు... ఏడు... అవతల ఆరా, తొమ్మిదా? జర కిందికి గీకు అవ్వా."

తొమ్మిది తేలింది. సిస్టం శాంతించింది. ఇర్షాద్ నిచ్చెనెక్కాడు. పట్టపగలు బల్బు వెలిగింది. సూర్యుడు గమనించినట్టు లేదు.

ఆ సాయంత్రం యమున పొడి కాళ్లతో ఇల్లు చేరింది. రేపటి యూనిఫాం ఇస్త్రీకి తీసింది.

దిక్కులారా, వినండి! నాలుగు వందల డెబ్బై తొమ్మిదో స్తంభానికి జయం! మొగిలమ్మ అట్లకాడకు జయం! ఇక మోరీ మీద బండ వేయించాలంటే దానికి వేరే నంబరు ఉంటుందట, గోడ మీద రాసి ఉంటుందట. ఆ గోడకు తానేం పూసిందో మొగిలమ్మ గుర్తుచేసుకుంటోంది.