హొసకోటె నుంచి డైరెక్ట్

ఆ మంగళవారం ఉదయం వరూధిని పెట్టుకున్న పని చాలా చిన్నది. భర్త అమరనాథ్ ఆఫీసుకూ కూతురు పల్లవి కాలేజీకీ వెళ్ళాక నాలుగు ఫోన్లు చేసి, పల్లవి ఎయిర్ రైఫిల్‌కు గుళ్ళు చవకగా ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవాలి. ఆ తర్వాత చిక్కుడుకాయలకు ఈనెలు తీయాలి. రెండింట్లో చిక్కుడుకాయల పనే ఎక్కువ సేపు పడుతుందని ఆమె అనుకుంది.

కర్నూల్లో ఉన్నప్పుడు గుళ్ళ గురించి ఆలోచించే అవసరమే రాలేదు. అక్కడి కోచ్ "అయిపోయాయా తల్లీ" అని తనే అడిగి, కొన్న ధరకే డబ్బా చేతిలో పెట్టేవాడు. అమరనాథ్‌కు బదిలీ అయి, రాష్ట్రం మారి హూడిలోని ఒక అపార్ట్‌మెంట్లో కాపురం పెట్టాక, మారతహళ్ళిలోని షూటింగ్ రేంజిలో డబ్బా ధర విని, గుళ్ళతో పాటు ఇంకేమైనా ఇస్తారేమోనని వరూధిని కాసేపు కౌంటరు దగ్గరే నిలబడింది. ఏమీ ఇవ్వలేదు.

పైగా ఆ ఆదివారం కాక పై ఆదివారమే సెలక్షన్లు. ఎంపికైతే రాష్ట్ర శిక్షణ శిబిరంలో చోటు. గుళ్ళూ రేంజీ వాళ్ళవే. కాకపోతే ఏమిటన్నది అమరనాథ్ ఇడ్లీలు తింటూ చెప్పేశాడు.

"సెలెక్ట్ అయితే సరే. కాకపోతే ఆ రైఫిల్ ఎవరికైనా ఇచ్చేద్దాం. పీయూసీ అంటే ఇక్కడి ఇంటర్, ఆటలు కాదు."

పల్లవి ఇడ్లీ ముక్కను చట్నీలో ముంచి, ముంచిన చోటే వదిలేసి లేచింది. వంటింట్లోకి వచ్చి మాత్రం తల్లి చెవిలో అంది:

"అమ్మా, డబ్బాలో అడుగు కనిపిస్తోంది. పొదుపుగా కాలుస్తున్నా."

"పొదుపుగా కాల్చడమేమిటే?"

"గురి పెడతా. బాగా కుదిరాక, కాల్చకుండా దించేస్తా."

ఆ మాట వరూధినికి ఎక్కడో గుచ్చుకుంది. అందుకే మూడు ఫోన్లలో పని జరగకపోయినా నాలుగోది చేసింది. హొసకోటెలో మునినారాయణప్ప అనే ఆయన దొరికాడు. జాతరల్లో బుడగలు కాల్పించే దుకాణాలకు సరుకు వేసే హోల్‌సేల్ వ్యాపారి.

"ఉండాదమ్మా, సరుకు ఉండాది. బుడగలు కొట్టేది వేరే, పోటీలకు చదును తల గుండు వేరే. మీకేది కావల్ల?"

"పోటీలదేనండీ. రెండు డబ్బాలు."

"రెండు డబ్బాలా? నేను పెట్టె లెక్కన ఇచ్చేదమ్మా. ఇడిగా అమ్మేది మా తాత కాలం నుంచి లేదు. ఇంకో నలుగుర్ని కలుపుకోండి. మీ అపార్ట్‌మెంటోళ్ళు మామిడిపండ్లు, రాగులు అన్నీ కలిసే కదా తెప్పిచ్చుకుంటారు?"

ఆయన చెప్పింది నిజమే. ఆ అపార్ట్‌మెంట్లో ఏ ఇంట్లోనూ ఒంటరిగా ఏమీ కొనరు. దానికోసం బి బ్లాకు ఛాయాదేవి నడిపే వాట్సాప్ గ్రూపు ఒకటుంది. మొదలుపెట్టినవాళ్ళు వస్తువు పేరూ ఊరూ రేటూ రాస్తారు. తర్వాతివాళ్ళు ఆ సందేశాన్ని మొత్తం కాపీ చేసి, అడుగున తమ ఫ్లాట్ నంబరూ ఎన్ని కావాలో చేర్చి, ఆ పూటే మొదలుపెట్టినవాళ్ళకు డబ్బు పంపేస్తారు. వచ్చిన కొత్తల్లోనే వరూధిని ఆ దారిన రాగిపిండీ, తమలపాకులూ, ఎందుకో తనకే తెలియని పోకమట్టతో చేసిన పళ్ళేలూ తెప్పించుకుంది.

కాబట్టి రాసింది. దాపరికం లేకుండా, స్పష్టంగా రాసింది: ఎయిర్ రైఫిల్ గుళ్ళు. నాలుగున్నర మిల్లీమీటర్లు. హొసకోటె నుంచి డైరెక్ట్. హోల్‌సేల్ రేటు. సి-204: రెండు డబ్బాలు.

చిక్కుడుకాయలు సగం కాకముందే అడుగున మూడు ఫ్లాట్లు చేరాయి. కూర పొయ్యి మీదికెక్కేసరికి ఏ-బ్లాకు మొత్తం వచ్చేసింది. సాయంత్రానికి ఆ జాబితా చివర చూడాలంటే బొటనవేలు నొప్పి పుట్టేలా ఉంది. మధ్యలో ఎవరో "ఆర్గానికేనా?" అని అడిగారు. వరూధిని జవాబు ఆలోచించేలోపే ఇంకెవరో "హొసకోటె సరుకు, డౌటే లేదు" అని హామీ ఇచ్చేశారు.

ఆమెకు అనుమానం రాకపోలేదు. ఛాయాదేవి కనిపిస్తే అడిగింది: "ఇక్కడ ఇంతమందికి అలవాటుందని నాకు తెలీదండీ."

"అయ్యో, మన కమ్యూనిటీ చాలా హెల్త్ కాన్షస్ అండీ. మీరు కొత్త కదా, మెల్లిగా తెలుస్తుంది."

లిఫ్టులో అసోసియేషన్ సెక్రెటరీ భుజంగరావు ఎదురయ్యాడు. విశ్రాంత ఇంజినీరు, కర్ర పట్టుకుని నడిచే మనిషి. ఆయన ఫ్లాటుకు నాలుగు డబ్బాలు.

"ఇంట్లో ఎవరండీ వాడేది?" అంది వరూధిని.

"అందరమూనమ్మా. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు కదా, డాక్టరు ఇలాంటివే వాడమన్నాడు."

గంటలకొద్దీ కదలకుండా నిలబడే ఆట మోకాళ్ళకు మంచిదన్న డాక్టరు ఎవరో అడుగుదామనుకునేలోపు ఆయన అంతస్తు వచ్చేసింది. కర్నూలుకు ఫోన్ చేసి, "ఇది క్రీడాకారుల ఊరే" అని తన చెల్లెలికి చెప్పుకుంది.

సరుకు మాత్రం రాలేదు. బి బ్లాకులో రెండు కుటుంబాలు ఊరెళ్ళాయి, వాళ్ళు తిరిగొచ్చేదాకా జాబితా మూయకూడదు, అందరికీ అవకాశం ఇవ్వడం గ్రూపు నియమం అంది ఛాయాదేవి. తీరా మూశాక, మునినారాయణప్ప దగ్గర అంత సరుకు లేదు.

"ఇంత ఆర్డరు నా జన్మలో చూడలేదమ్మా. బయట నుంచి తెప్పిస్తా ఉండాను. స్వల్ప ఓపిక పట్టండి. రేపు వచ్చేస్తాది."

ఆ రేపు రోజూ వచ్చేది, సరుకు లేకుండా. రేంజిలో ఒక్క డబ్బా కొనేద్దామని వరూధిని రెండుసార్లు బయల్దేరింది. రేపు చవకగా వచ్చేదానికి ఈవేళ అంత పోయడం ఎందుకని రెండుసార్లూ గేటు దగ్గర నుంచే వెనక్కి వచ్చింది. పల్లవి రోజూ మారతహళ్ళి వెళ్ళి, గురి పెట్టి, దించేసి వచ్చేది.

సెలక్షన్లు రేపనగా, శనివారం మధ్యాహ్నం గూడ్స్ ఆటో వచ్చింది. బొమ్మా పేరూ లేని తెల్ల డబ్బాలు. క్లబ్‌హౌస్ ముందు జనం వరస కట్టి, తీసుకుని, దణ్ణాలు పెట్టి వెళ్ళారు. ఛాయాదేవి ఫోటో తీసి, పూలగుత్తుల బొమ్మలతో గ్రూపులో వేసింది. కొత్త ఊళ్ళో తనకంటూ ఒక పేరు వచ్చిందని వరూధిని ఒక్క గంటసేపు సంతోషపడింది.

మొదటి సందేశం కాఫీల వేళకు వచ్చింది. "వరూధిని గారూ, ఎంతసేపు నానబెట్టాలి?"

రెండోది: "మొలకలొస్తాయా, లేక డైరెక్టుగా ఉడకబెట్టడమేనా?"

వరూధిని ఫోను చేత్తో పట్టుకుని సోఫా అంచున కూర్చుంది. 'అవి సీసం. దయచేసి ఎవరూ పొయ్యి మీద పెట్టకండి' అని రాస్తుండగానే మూడోది వచ్చింది. ఛాయాదేవి పొడి కొడదామని మిక్సీలో వేసింది. ఆ చప్పుడుకు పై ఫ్లాటు వాళ్ళు కిందికి దిగొచ్చారు. నాలుగోది భుజంగరావుది: బాల్కనీలో గుప్పెడు జల్లి చూస్తే పావురాలు కూడా ముట్టలేదు, నాణ్యత మీద తనకు సందేహంగా ఉంది.

అయిదోది కూడా భుజంగరావుదే. ఆయన ఆ జాబితా పైభాగాన్ని మొదటిసారి చదివాడు. క్లబ్‌హౌస్‌లో అత్యవసర సమావేశం అని రాశాడు.

"ప్రతి ఫ్లాట్లోకీ తుపాకీ గుళ్ళు ఎలా వచ్చాయో సభకు తెలియాలి," అన్నాడు కర్ర నేలకు తాటించి.

"మీరు రాస్తే వచ్చాయండీ," అంది వరూధిని.

"నేను చదవలేదు."

"నాలుగు డబ్బాలని రాశారు కదండీ."

"పైన అందరూ రెండేసి పెట్టారు. మా ఇంట్లో నలుగురం."

పల్లవి లేచి, ఇవి పోటీల్లో వాడేవి, వీటికి లైసెన్సు కూడా అక్కర్లేదు అంకుల్ అని చెప్పింది. లైసెన్సు కూడా లేకుండానా అని వెనక వరసలో ఎవరో గుండె పట్టుకున్నారు.

"అదంతా సరే, మా మిక్సీ బ్లేడ్ సంగతేంటండీ?" అంది ఛాయాదేవి. "నేను అడ్మిన్‌ని. అన్ని ఐటమ్సూ చదువుతూ కూర్చుంటానా?"

పోలీసులు వస్తే ఎవరింట్లో దొరికితే వాళ్ళే చెప్పుకోవాలని ఒకరన్నారు. ఆ మాటతో సభ ముగిసింది. అందరూ ఇళ్ళకు పరుగెత్తి, డబ్బాలను సంచుల్లో, చీర కొంగుల్లో, ఒకావిడైతే నిద్రపోతున్న మనవడి దుప్పట్లో చుట్టి, సి-204 గుమ్మం ముందు పెట్టి బెల్లు కొట్టారు. హూడికి వచ్చి ఇన్నాళ్ళైనా ఇరుగుపొరుగు పరిచయం కాలేదని బాధపడే అమరనాథ్‌కు ఆ సాయంత్రం అందరూ పరిచయమయ్యారు.

వరూధిని హొసకోటెకు ఫోన్ చేసింది.

"ఎనక్కి తీసుకునేది లేదమ్మా," అన్నాడు మునినారాయణప్ప బాధగానే. "బయట నుంచి తెప్పిచ్చిన సరుకు. మీకోసమే అప్పు చేసినా. మీ అపార్ట్‌మెంట్లో జాత్రేమో అనుకొంటి."

ఎవరి డబ్బు వాళ్ళకు పంపేసరికి, కొత్త ఫ్రిజ్ కోసమని ఆమె కూడబెట్టుకున్నది మొత్తం ఖాళీ అయింది. డబ్బాలు హాల్లో గోడ పొడుగునా కిటికీ దాకా పేరుకున్నాయి. అమరనాథ్ వాటి ముందు నిలబడి, చాలాసేపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళి పడుకున్నాడు. అరిచి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

ఆదివారం పల్లవి చేతికి కావలసినన్ని గుళ్ళున్నాయి. మొదట బాగానే కొట్టింది. సగం దాటాక, తల్లి కూర్చున్న చోటికే తెలిసేలా, తుపాకీ ఎత్తడం, కాసేపాగడం, దించేయడం మొదలుపెట్టింది. చివరికి గడియారంతో పరుగెత్తుతూ కాల్చింది. ఎంపిక కొద్దిలో తప్పిపోయింది.

క్యాబులో హోప్‌ఫార్మ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం నోరు విప్పింది. "కాల్చడానికి వేలు రాలేదమ్మా. దించేయడమే అలవాటైపోయింది."

వరూధిని కిటికీలోంచి పక్కన ఆగిన బస్సును చూసింది. దాని మీద ఏముందో తర్వాత ఎంత గుర్తు తెచ్చుకున్నా గుర్తు రాలేదు. రేంజి కౌంటరూ, ఆ ఒక్క డబ్బా ధరా, తను వెనక్కి తిరిగిన గేటూ మాత్రమే కళ్ళ ముందున్నాయి.

ఇంటికెళ్ళేసరికి అమరనాథ్ ఫోన్లో ఉన్నాడు. ఫలితం అతనికి ముందే తెలిసింది. ఆఫీసులో ఎవరి కొడుకో రైఫిల్ తీసుకుంటాడట, రేటు కుదిరింది. పల్లవి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"గుళ్ళు కూడా ఉన్నాయి సర్," అన్నాడు అమరనాథ్ ఫోన్లో. "చాలా ఉన్నాయి. అవి కూడా మీరే... ఓ. ఎన్ని? రెండు డబ్బాలా? సరే, రెండే తీసుకోండి... ఫ్రీగానా?"

ఆ ఆఖరి మాట అతని నోట్లోంచి చాలా మెల్లిగా వచ్చింది. అమరనాథ్ కొన్నదాన్ని వదులుకునే మనిషి కాడు. కర్నూల్లో ఒకసారి సైజు తప్పి కొన్న బూట్లను, అవి అరిగిపోయేదాకా, కుంటుతూనే ఆఫీసుకు వెళ్ళాడు. ఇప్పుడు గోడ పొడుగునా ఉన్న డబ్బాలను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

"నేను మళ్ళీ చేస్తాను సర్," అని ఫోన్ పెట్టేశాడు.

"రైఫిల్ ఇచ్చేస్తే ఇవన్నీ ఏం చేసుకోవాలి?" అన్నాడు భార్యతో.

"మీరే చెప్పాలి," అంది వరూధిని.

"ఇలా రావే," అని పల్లవిని పిలిచాడు. "ఇవి ఊరికే వచ్చినవి కావు. మీ అమ్మ ఫ్రిజ్ అది. అన్నీ కాల్చి తీరాలి. ఒక్క గుండు మిగలడానికి వీల్లేదు. చదువు సాకు చెప్పావంటే ఊరుకోను."

"ఇవి అయిపోయేసరికి డిగ్రీ కూడా అయిపోతుందేమో నాన్నా."

"అయితే అవనీ. రోజూ వెళ్ళు. గురి పెట్టి దించేయడాలు పెట్టుకోకు, అవతల డబ్బాలు అలాగే ఉంటాయి."

పల్లవి తల వంచుకుని, "సరే నాన్నా," అని, ముఖం కనబడకుండా గదిలోకి వెళ్ళిపోయింది. వరూధిని వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వింది.

మర్నాడు పొద్దున్నే ఆమె మునినారాయణప్పకు ఫోన్ చేసి, సరుకులో ఒక డబ్బా తక్కువ వచ్చిందని తగువు పెట్టుకుంది.