మార్కండేయ చూపించిన బావి

ప్రజలకు తెలియజేయడమేమనగా, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో నీటి కొరత అనే పాత సమస్యను పక్కనబెట్టి, నిప్పు కొరతను ప్రభుత్వం శాశ్వతంగా తీర్చేసింది. విసిరేసినట్టు తలోచోట ఉన్న అద్దకం కొట్టాలకూ, బొరుగుల బట్టీలకూ ఇక కంపకట్టెలతో పనిలేదు. ఎండతో కరెంటు తీసి, ఆ కరెంటుతో నీళ్లను విడగొట్టి, వచ్చిన హరిత హైడ్రోజన్‌ను గొట్టంలో నేరుగా పొయ్యికి పంపుతారు. ఎండకు అనంతపురంలో ఏనాడూ కరువు లేదు గదా!

నీళ్లెక్కడివని అడిగే తొందరపాటు మనుషులకు జవాబు: మార్కండేయ చూపించాడు. పట్టుకు రంగులద్దడంలో మూడు తరాల చెయ్యి అతనిది. మంచి నీళ్లున్న చోటు కావాలని ఆఫీసర్లు అడిగేసరికి ఉబ్బిపోయి, దగ్గరుండి మరీ తీసుకుపోయాడు.

"బోరునీళ్లలో రంగు మచ్చలు పడతాది సార్. మా బాయి నీళ్లలో ముంచితే ఎరుపు నెత్తురు మాదిరి ఎక్కుతాది. తాగి చూడండి!"

ఆఫీసర్లు తాగి చూశారు. తర్వాత హైడ్రోజన్ ప్లాంటు తాగింది.

ప్రారంభోత్సవం రోజు అతని పొయ్యి వెలిగింది. పొగ లేదు, మసి లేదు. పైనున్న రాగి గంగాళంలో నీళ్లూ లేవు. చౌడేశ్వరమ్మ జాతర నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. అమ్మవారి పట్టుచీరను తెల్లగా నేయించి, జాతర ముందు ఎర్రరంగులో ముంచడం ఏటా అతని ఇంటివాళ్ల వంతు.

"సార్, మంట ఉండాది. నీళ్లు యాడుండాయి?" అన్నాడు మార్కండేయ.

ముఖ్య అతిథి మైకు వదల్లేదు. "హైడ్రోజన్ మండితే వచ్చేది నీటి ఆవిరే! మీ నీళ్లను మళ్లీ మీకే ఇస్తున్న తొలి ప్రభుత్వం మాది!"

అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ మార్కండేయ కూడా కొట్టాడు.

మంటమీద ఇత్తడి తాంబాళం బోర్లించి చూడమన్నారు. నిజమే, చుక్కలు పట్టాయి. నాలుగు రోజులు పట్టగా చెంబెడయ్యాయి. ఆ చుక్కల కోసం బిందెలతో వరసగట్టిన ఆడవాళ్ల ఫొటో 'హైడ్రోజన్‌కు పల్లెల్లో పెరిగిన గిరాకీ' అంటూ ప్రభుత్వ నివేదిక అట్టమీద అచ్చయింది.

"ముత్తైదు తల్లికి తెల్లచీర కట్టిస్తావా?" అని అతని భార్య సుబ్బలక్ష్మమ్మ ఏడ్చింది.

కట్టించారు. చెంబెడు నీళ్లకు కొంగు చివర మాత్రం ఎర్రబడింది. తలెత్తి అమ్మవారి మొహం చూడలేక మార్కండేయ గుడి బయటే నిలబడిపోయాడు. రంగు కాలుష్యం లేని తొలి చీర అని మెచ్చుకుని అధికారులు అతనికి సన్మానపత్రం ఇచ్చారు.

ఆ పత్రం సంగతి విని కొత్తచెరువు నుంచి ఓబులేష్ వచ్చాడు. అతనిదీ రంగుల పనే. మార్కండేయ జరిగిందంతా చెప్పి, ఎండిన బావి అడుగు చూపించాడు. ఓబులేష్ శ్రద్ధగా విన్నాడు, వంగి చూశాడు, మనస్ఫూర్తిగా జాలిపడ్డాడు.

"అదంతా సరేగానీ అన్నా, ఆ సార్లను మా ఊరికి పిల్చుకోని రారాదా? మా బాయి నీళ్లు మీ నీళ్లకంటే తియ్యగుంటాయి. ఒగసారి తాగి చూడమను."