పదకొండు మెట్లే ఉన్నాయి, నిశ్చింతగా ఎక్కండి

భయం ఒంటికి మంచిది కాదు. అందుకే భయపెట్టే కథలన్నిటినీ చట్టం చేసి మరీ తెరకెక్కించాలని నా అభిప్రాయం. ఒక్కసారి తెరకెక్కిందంటే ఎంతటి దయ్యం కథైనా కోరలు పీకిన పామే!

నమ్మరా? అయితే మా పిన్ని సంగతి వినండి.

పిన్ని బొమ్మలు వేస్తుంది. నలభై ఏళ్ళ కిందట ఒక పత్రికకు ఎనిమిది పేజీల దయ్యం కామిక్ వేసింది. అందులో దయ్యం లేదు. ఒకావిడ గ్లాసులో మందు పట్టుకుని, పై గదిలో జబ్బుతో ఉన్న తల్లి కోసం మెట్లెక్కుతూ ఉంటుంది, అంతే. మొదటి బొమ్మలో పదకొండు మెట్లు. రెండో దానిలో పన్నెండు. మూడో దానిలో పదమూడు. ఆ మాట ఎక్కడా రాసి ఉండదు. చివరి పేజీకి వచ్చేసరికి తల్లి గది తలుపు వేలిగోరంత అయిపోతుంది. అప్పుడు చదివేవాడు ఉలిక్కిపడి, పేజీలు వెనక్కి తిప్పి మెట్లు లెక్కపెట్టుకుంటాడు. ఆ దెబ్బకు మేడ ఇల్లు ఖాళీ చేసిపోయిన కుటుంబాలు నాకు తెలుసు.

జనం ఇంకెన్నాళ్ళు బాధపడాలి? దేవుడిలా వెబ్ సిరీస్ వాళ్ళు వచ్చారు.

షూటింగుల్లో కంటిన్యుటీ చూసే మనిషి ఒకాయన ఉంటాడు. ముందు షాట్‌లో కప్పులో సగం కాఫీ ఉంటే తర్వాతి షాట్‌లోనూ సగమే ఉండేలా చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఈయన జేబులో కొలతల టేపుతో తిరిగే నిష్ఠాపరుడు. పిన్ని కామిక్ ముందేసుకుని వారం రోజులు కూర్చున్నాడు. తర్వాత మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, ఆవిడ మనసు నొచ్చుకోకుండా విషయం చెప్పాడు.

"ఏమీ అనుకోకండమ్మా. నలభై ఏళ్ళుగా ఎవరూ చూసుకోలేదు. మెట్లు ఒక్కో బొమ్మలో ఒక్కోలా పడ్డాయి. నేను అన్నిచోట్లా పదకొండు చేసేశాను."

"కథే అది కదా బాబూ," అంది పిన్ని.

ఆయన నోటుబుక్కు తీసి, పొరపాటు రచయిత్రి దృష్టికి తెచ్చినట్టు రాసుకుని, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఇంత బాధ్యత గల మనిషిని మీరెక్కడైనా చూశారా?

మెట్లు పదకొండే కాబట్టి సిరీస్‌లో ఆవిడ నాలుగో నిమిషానికే పైకి చేరుకుంది. తీయాల్సిందేమో ఎనిమిది గంటలు! అందుకని ఒక దయ్యాన్ని పెట్టారు. దయ్యానికి చిన్నతనం పెట్టారు. చిన్నప్పుడు లెక్కల టీచరు దాన్ని బెంచీ ఎక్కించిందట! దయ్యానికో చెల్లెలు, చెల్లెలికి పెళ్ళి, పెళ్ళిలో పాట. ఏడో భాగంలో దయ్యం సైకాలజిస్టు ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తుంటే మా బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. ఒకప్పుడు పిన్ని కామిక్ చదివి, మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికి ఆర్నెల్లు మెట్లెక్కని మనిషి ఈయనే. ఎంత మేలు జరిగిందో చూశారా!

సిరీస్ బాగా ఆడింది. పాత కామిక్ మళ్ళీ అచ్చువేస్తానని ఒక ప్రచురణకర్త ముందుకొచ్చాడు. సిరీస్ చూసినవాళ్ళు పుస్తకం చూసి తికమకపడతారేమోనని, కంటిన్యుటీ ఆయన్నే పిలిపించి, అదనపు మెట్లన్నీ కంప్యూటర్‌లో చెరిపించాడు. ప్రూఫులు పిన్ని సంతకం కోసం వచ్చాయి.

కిటికీ పక్క బల్ల మీద పేజీలు పరుచుకుని పిన్ని చాలాసేపు చూసింది. మెట్లు చెరిపిన చోట గోడ నున్నగా ఉంది. ఆ మెట్లు సన్న కుంచెతో గీయడానికి మూడు నెలలు పట్టిందని, అప్పుడు తన చేతికే భయం వేసేదని నాతో చెప్పింది. సంతకం పెట్టలేదు. ప్రచురణకర్తకు ఫోన్ చేసింది.

"ఆ మెట్లన్నా తిరిగి పెట్టండి, నా పేరన్నా తీసేయండి."

ఆయన మర్యాదస్తుడు, పెద్దావిడ మాట కాదనలేదు. పేరు తీసేశాడు.

పుస్తకం నిన్న వచ్చింది, మీరూ తప్పకుండా చదవండి. ఏ మెట్టు మీదా ఉలిక్కిపడకుండా చివరిదాకా వెళ్ళొచ్చు. నేనూ అలాగే చదివాను. ఆఖరున వెనక అట్ట తిప్పాను. 'బొమ్మలు' అన్న మాట పక్కన ఖాళీ వదిలితే బాగుండదని కంటిన్యుటీ ఆయన పేరు వేశారు.

అక్కడ నాకు నిజంగా భయమేసింది. పుస్తకం ఇంకా పిన్నికి చూపించలేదు.