గిట్టల చెప్పులు

ఆ ఆదివారం సుదర్శన్ చేయవలసిన పనులు ఇవి. చంద్రపూర్ వెళ్ళి ఒక సీసా మేక రక్తం తేవాలి, గడ్డకట్టకుండా అందులో ఉప్పు కలపాలి. అర కిలో మటన్ తేవాలి, అది బూందీకి బహుమానం. ఆఫీసు స్టోరులోంచి చుక్కల దుప్పి తోలు, గిట్టల చెప్పులు తీసి పోశన్నకు అప్పగించాలి. మరునాడు పొద్దున గిరిజ మేడం వచ్చేసరికి చక్కెర లేని చాయ్ సిద్ధంగా ఉంచాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. సాయంత్రం పోశన్న అడవిలో ఎటు నడిచాడో సుదర్శన్ అడగకూడదు, పోశన్న చెప్పకూడదు.

సుదర్శన్ ఫారెస్ట్ గార్డు. రాజురా అవతల సేద్యం చేసుకునే ఇంటివాడు, ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. అందుకని రూలు అంటే అతనికి దేవుడి తరువాతి స్థానం. బూందీ అతని కుక్క. పసుపుపచ్చని ఒంటి మీద గుండ్రటి చుక్కలుంటాయి కనుక ఆ పేరు. పద్మాపూర్ దాటి అడవిలోకి పోయే రోడ్డు మీద బండ్లు గుద్దిన దుప్పులు పొదల్లోకి పారిపోయి, డాక్టరు వెతికేలోపే ప్రాణం విడుస్తుంటాయి. వాటి జాడ పట్టడం బూందీ పని. గాయపడిన జింకల్ని వేటగాళ్ళ కోసం వెతికే కుక్కలు ఇతర దేశాల్లో ఉన్నాయట. మన దగ్గర వేట నేరం కాబట్టి బూందీ డాక్టరు కోసం వెతుకుతుంది.

సోమవారం దానికి పరీక్ష. నెగ్గితే సుదర్శన్‌తోనే ఉంటుంది. తప్పితే భద్రావతి దగ్గరి కలప డిపోకు పోయి, గొలుసుకు కట్టేసి ఉండి, వచ్చేపోయే లారీల మీద మొరుగుతూ బతకాలి. గొలుసు అప్పుడే కొన్నారని తెలిసి సుదర్శన్‌కు అన్నం సహించడం లేదు.

పరీక్షకు దొంగ జాడ ఒకటి కావాలి. దాని కోసమే గిట్టల చెప్పులు. చూడటానికి మామూలు చెక్క చెప్పులు, అడుగున మాత్రం రోడ్డు మీద చచ్చిపోయిన దుప్పి గిట్టలు బిగించి ఉంటాయి. అవి తొడుక్కుని, అక్కడక్కడా రక్తం చుక్కలు వేస్తూ అడవిలో నడవాలి. చివరన తోలు, దాని పక్కన బహుమానం పెట్టాలి. ఆ జాడ రాత్రంతా చల్లారాక, పొద్దున కుక్క వాసన పట్టుకుని పోవాలి. నడిచే పని వాచర్ పోశన్నది. అతని భార్య బాలమ్మకు నాకా దగ్గర, అంటే అటవీ చెక్‌పోస్టు దగ్గర, చాయ్ హోటల్ ఉంది. సుదర్శన్ ఆయన్ని వరస కలిపి మామ అంటాడు.

"మటన్ నాకియ్యి అల్లుడా. ఉడకవెట్టి తోలు పక్కన పెడ్త," అన్నాడు పోశన్న.

"ఉప్పు, కారం ఎయ్యద్దు మామ."

"నాకు తెల్వదా? శ్రావణమాసంల నేను దాని దిక్కు కూడ సూడ."

బిడ్డ అర్చన నర్సింగ్ పరీక్ష పాసు కావాలని, శ్రావణమంతా ఇంట్లో నీసు ముట్టమని బాలమ్మ మొక్కింది. మొగుడి తరఫున కూడా తనే మొక్కింది. పోశన్న ఆ మాట నిజంగానే అన్నాడు. అప్పటికి దోస్తు మొండయ్య ఫోన్ ఇంకా రాలేదు.

సోమవారం గిరిజ మేడం జీపు దిగింది. ఆమె రేంజ్ ఆఫీసరు, చంద్రపూర్‌లో బట్టల దుకాణం నడిపే తెలుగువాళ్ళ బిడ్డ. చాయ్ తాగింది, పెన్ను తీసింది, పోశన్న కాళ్ళ వైపు చూసింది.

"చెప్పులేవి పోశన్నా?"

"మొక్కు మేడం. శ్రావణం గద."

పక్కనే ఉన్న బాలమ్మ ఈ మొక్కు ఎప్పుడు మొక్కాడో తెలియకపోయినా, మొగుడిలో భక్తి ముదిరిందని సంతోషపడి హోటల్‌కు వెళ్ళిపోయింది.

బూందీ ముక్కు నేలకు ఆనించి బయలుదేరింది. వెనక దాని మెడకు కట్టిన పొడుగు పట్టా పట్టుకుని సుదర్శన్, ఆ వెనక మేడం, అందరికన్నా వెనక పోశన్న. రాత్రి వాన పడింది, అయినా బూందీ తడబడలేదు. టేకు చెట్ల మధ్య మలుపులు తిరిగింది, వాగు దాటి అవతల మళ్ళీ జాడ అందుకుంది. మేడం పెన్ను చకచకా నడిచింది. చివరికి ఎర్రగుడ్డ కట్టిన చెట్టు వచ్చింది. జాడ ముగియవలసింది అక్కడే. అక్కడ తోలు లేదు, బహుమానం లేదు.

"తోలేది?" అంది మేడం.

"నక్క గుంజుకపోయినట్టుంది మేడం."

బూందీ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కు దించి, అడవి వదిలి ఊరి వైపు లాగడం మొదలుపెట్టింది.

"అగో, తోవ తప్పింది. వాపస్ గుంజు అల్లుడా," అన్నాడు పోశన్న. అతని గొంతులో అవసరానికి మించిన తొందర ఉంది.

"సుదర్శన్, ఒక్కపారి వాపస్ పిలువొచ్చు, రూల్ ఉన్నది," అంది మేడం. "పిలువకుంట పోయి తప్పయితే, భద్రావతి డిపో బండి సాయంత్రమే వస్తది. ఆలోచించుకో."

సుదర్శన్ ఆలోచించాడు. కుక్కను నడిపేవాడు కుక్క కన్నా ముందు ఆలోచించకూడదన్నది శిక్షణలో నేర్పిన మొదటి రూలు.

"తోవ నాకు తెల్వది మేడం. దానికి తెల్సినట్టున్నది. నేను దాని ఎనుక పోత."

పోశన్న నుదుట చెమట పట్టింది. నిన్న సాయంత్రం జరిగింది అతనికొక్కడికే తెలుసు కాబట్టి మనమూ తెలుసుకుందాం. ఆ ఎర్రగుడ్డ చెట్టు దగ్గరికి చేరేసరికి మబ్బు పట్టింది. సర్కారు తోలు తడవకూడదని స్టోరులో మరీమరీ చెప్పారు. దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాడు, తెల్లారి తెచ్చి పరుద్దామనుకున్నాడు. అంతవరకు అది కర్తవ్యమే. అప్పుడే మొండయ్య ఫోన్ చేశాడు. మొండయ్య బొగ్గు గనిలో పనిచేసి రిటైరైనవాడు, ఒంటరివాడు, పోశన్నకు చిన్ననాటి దోస్తు. "మసాలా నూరి కూసున్న, మటన్ దొరకలే, శ్రావణం గద, ఈడ దుకాన్లన్నీ బంద్," అని వాపోయాడు. తోలుతో పాటు తెల్లారి పెడదామని ఉడికించిన మటన్ పోశన్న సంచిలోనే ఉంది. సొంత చెప్పులు జాడ మొదలుపెట్టిన చోటే వదిలేశాడు. ముళ్ళ దారి. అందుకని గిట్టల చెప్పులతోనే ఊళ్ళోకి నడిచాడు. సంచిలో రక్తం సీసా మూత వదులుగా ఉంది.

బూందీ ఊళ్ళోకి వచ్చి భీమన్న పాన్ ఠేలా ముందు ఆగి, మెట్టును గట్టిగా వాసన చూసింది. నిన్న పోశన్న అక్కడ తంబాకు కొన్నాడు. భీమన్నకు మాత్రం కుక్క కనిపించింది, దాని వెనక ఖాకీ బట్టలు కనిపించాయి.

"మేడం, ఒక్కటే దూలం," అన్నాడు భీమన్న, ఎవరూ అడగకముందే. "టేకుదే. ఇల్లు ఉరుస్తుందని అడవికెళ్ళి తెచ్చిన."

మేడం రాసుకుంది. పోలీసు కుక్క వచ్చిందని ఊరంతా పుకారు పాకింది. జనం కూడారు. బూందీ అక్కడి నుంచి చిన్నయ్య పిండి గిర్ని చూరు కిందికి పోయి నిలబడింది. నిన్న జల్లు పడ్డప్పుడు పోశన్న అక్కడే నిలబడ్డాడు. చిన్నయ్య గిర్ని ఆపి బయటికి వచ్చాడు.

"భీమన్న చెప్పిండా?" అన్నాడు దిగులుగా.

"ఏం చెప్పాలె?" అంది మేడం.

"మంచం కోళ్ళు. మా ఇద్దరియి ఒక్క చెట్టువే."

మేడం పేజీ తిప్పింది. ఆ తరువాత బూందీ ఏ ఇంటి వైపు ముక్కు తిప్పితే ఆ ఇంటివాళ్ళు ఏదో ఒకటి ఒప్పుకున్నారు. దారిలో లేని ఒకావిడ కూడా పరుగున వచ్చి, దాచుకున్న వెదురు బొంగులు తెచ్చి మేడం కాళ్ళ దగ్గర పెట్టింది. వెతుకుతున్న తోలు మాత్రం ఎక్కడా లేదు.

"మేడం, గీ కుక్కకు జర ఇస్రాంతి ఇయ్యుండ్రి," అన్నాడు పోశన్న.

"నీకెందుకంత పరేశాని?" అంది మేడం.

నాకా దగ్గరికి వచ్చాక బూందీ వింత పని చేసింది. బాలమ్మ హోటల్ ముందు నుంచి చక్కటి దారి ఉండగా, అది పక్క చేలోకి దిగి, హోటల్‌కు చాలా దూరంగా వెనకనుంచి చుట్టు తిరిగి మళ్ళీ రోడ్డెక్కింది. బాలమ్మ చాయ్ గిన్నె దించి, ఆ చుట్టు చూసింది.

"అల్లుడా, సక్కని తోవుండంగ ఇది గట్లెందుకు పోయింది?"

"జాడ అట్లనే ఉందత్తా."

"మా హోటల్ కండ్లవడకుంట గట్ల వంగి వంగి పోయేటోడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నడు," అని, కొంగు దోపుకుని ఆమె కూడా వెనకే నడిచింది.

జాడ మొండయ్య పెరట్లో ముగిసింది. తాడు మీద చుక్కల దుప్పి తోలు ఆరేసి ఉంది. దాని కింద కూర వండిన నల్లటి గంజు ఉంది. పక్కన ఆకులో మాంసం కొరికేసిన బొక్కలు ఉన్నాయి. బూందీ ఆ బొక్కల వైపు కన్నెత్తి చూడలేదు. తోలు కింద కూర్చుని, పని అయిపోయిందని ఒక్కసారి మొరిగింది.

మేడం ముఖంలో నవ్వు పోయింది. తోలు చూసింది, బొక్కలు చూసింది, తలుపు దగ్గర నిలబడ్డ మొండయ్యను చూసింది. "పోశన్నా, ఇది మన తోలేనా, కాదా?"

పోశన్న లెక్క వేసుకున్నాడు. మనదే అంటే మొండయ్య సర్కారు తోలు దొంగ. కాదంటే దుప్పిని చంపి వండుకున్నవాడు, బూందీ జాడ తప్పిన కుక్క. మొండయ్య స్నేహితుడి పేరు చెప్పకుండా నేల చూస్తున్నాడు. సుదర్శన్ బూందీ మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"మేడం, గీ కేసుల ఏమయితది?" అన్నాడు పోశన్న మెల్లగా.

"జైలే. ఏండ్లు పడ్తది."

పోశన్న భార్య వైపు చూశాడు. ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని ఉంది. ఆమె ముందు ఏళ్ళ జైలు పెద్ద శిక్ష అనిపించలేదు. కాని ఆ ఏళ్ళు మొండయ్యకు పడేవి. గొలుసు బూందీకి పడేది.

"ఉన్నదున్నట్టు చెప్పు మామా," అన్నాడు సుదర్శన్.

"తోలు మనదే మేడం," అన్నాడు పోశన్న. "నక్క కూడ నేనే."

పెరటి మూలన బోర్లించిన కోళ్ళ గంప ఎత్తి, దాని కింది నుంచి గిట్టల చెప్పులు తీసి మేడం ముందు పెట్టాడు. మిగిలిందంతా తల వంచుకుని చెప్పాడు. వాటితో ఇంటికి పోతే బాలమ్మ అడుగుతుందని రాత్రి ఉత్తకాళ్ళతో పోయాడు. తిండి ఎక్కువై తెల్లారి మెలకువ రాలేదు. రోడ్డు పక్క వదిలిన సొంత చెప్పులు ఎవరో ఎత్తుకుపోయారు.

"హోటల్ ఎనుకకెళ్ళి తిరిగినప్పుడే అనుకున్న," అంది బాలమ్మ. "చెప్పుల్లేని భక్తి గిదా?"

మేడం చాలాసేపు రాసింది. తరువాత చదివి వినిపించింది. రాత్రంతా వాన పడ్డా, వాగు అడ్డం వచ్చినా, ఊరంతా వెంటపడ్డా, మటన్ బొక్కలు ముక్కు కిందే ఉన్నా, బూందీ జాడ వదల్లేదు. తోవ తెలియని సుదర్శన్ కుక్క మాట కాదనలేదు. ఇంత కష్టమైన జాడ తను ఇంతవరకు చూడలేదని కూడా అంది. భద్రావతికి ఫోన్ చేసి గొలుసు ఇంకెవరికైనా వాడుకోమంది. సుదర్శన్ చేతిలోని పట్టా కింద పడింది. అతను తీసుకోలేదు, బూందీని రెండు చేతులా ఎత్తుకున్నాడు.

బూందీ మాత్రం గంజు వైపే చూస్తోంది. సుదర్శన్ మూత తీశాడు. అడుగున మసాలా తప్ప ఏమీ లేదు.

"మామా, దీని ఇనాము?"

మొండయ్య గొంతు సవరించుకున్నాడు. "మస్తుగ ఉండె అల్లుడా."

బాలమ్మ తీర్పు చెప్పడానికి అక్కడ ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది. పోశన్న ఉత్తకాళ్ళతో చంద్రపూర్ పోయి మటన్ తెచ్చాడు. ఉప్పు, కారం లేకుండా తనే ఉడికించాడు. హోటల్ ముందు అందరూ చూస్తుండగా ఒక్కొక్క ముక్కా బూందీ నోట్లో పెట్టాడు. మొక్కు చెడింది కాబట్టి భాద్రపదమంతా కూడా తనకు నీసు లేదని అప్పుడే తెలిసింది. అర్చన పరీక్ష పాసయింది. అది తన మొక్కు వల్లేనని బాలమ్మ, తన శిక్ష వల్లేనని పోశన్న ఇప్పటికీ వాదించుకుంటారు.

ఇక నుంచి జాడలు వేసే పని ఎప్పటికీ పోశన్నదేనని మేడం ఆర్డరు ఇచ్చింది. బాలమ్మ ఒక్కటే అడిగింది. "గా చెప్పులు స్టోర్ల ఎందుకు మేడం, మా ఇంట్లనే ఉండనియ్యుండ్రి. ఈయనకు వేరే చెప్పులు ఎట్లాగూ లెవ్వు." మేడం సంతకం పెట్టింది.

మీరు ఎప్పుడైనా పద్మాపూర్ దాటి ఆ అడవి రోడ్డు మీద పోతే బండి మెల్లగా నడపండి. తప్పించుకోలేక ఏ దుప్పికైనా దెబ్బ తగిలితే ఆగి నాకాలో చెప్పండి, బూందీ వస్తుంది. బురదలో రెండు కాళ్ళ మీద నడిచిన దుప్పి అడుగులు కనిపిస్తే మాత్రం భయపడకండి, మా పోశన్నను ఒక్కసారి తలచుకోండి. అతను ఎటు పోయాడో ఎవరికీ చెప్పనక్కరలేదు, బాలమ్మకు అప్పటికే తెలిసి ఉంటుంది.