నలుగురంటే ఎందరు

ఆ ఉదయం కాఫీ తాగుతూనే గోపాలకృష్ణయ్య మధ్యాహ్నపు ఏర్పాట్లు తేల్చేశాడు. నకరికల్లు నీటి సంఘానికి ఈసారి పోటీ లేకుండా అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలని ఊరు అనుకుంది. పేరు చెప్పే పని నరసరావుపేట పెద్దమనిషి దేవానందానికి అప్పగించింది. ఓ నలుగురం మీ ఇంటికి భోజనానికి వస్తామని ఆయన ఫోన్ చేశాడు. అంటే పదవి తనకేనని గోపాలకృష్ణయ్యకు అర్థమైపోయింది.

నలుగురికి సరిపడా వండుతానన్న భార్య వీరరాఘవమ్మను చూసి ఆయన నవ్వాడు.

"పెద్దోళ్ళ నోట్లో నలుగురంటే నలభై మందే. మాట తీరు తెలియాల."

వంటవాళ్ళు వచ్చారు. షామియానా లేచింది. నలభై కుర్చీలు పడ్డాయి. పన్నెండింటికి కారు ఆగింది. దేవానందంతో కలిపి నలుగురే దిగారు.

ఖాళీ కుర్చీలు చూస్తే తన వెనక మనిషే లేడనుకుంటారని గోపాలకృష్ణయ్యకు చెమటలు పట్టాయి. పక్కింటి నాగూర్ వలిని పెరట్లోకి లాగి, ఓ పదిమందిని పిలుచుకు రమ్మన్నాడు. పొద్దుటి నుంచీ షామియానా కడుతూ ఆయన లెక్క విన్న నాగూర్ వలి, నలుగురు నలభై అయితే పదిమంది వందే కదా అనుకున్నాడు. బండెక్కి బజార్లన్నీ చుట్టాడు. వందమందీ వచ్చారు.

గోపాలకృష్ణయ్య వంటపాకలోకి పరుగెత్తాడు.

"ఏమే, పరువు పోయేట్టుంది."

"మీరు పోయి ఆళ్ళతో మాట్లాడతా ఉండండి," అంది వీరరాఘవమ్మ.

ఆవిడ జనాన్ని ఒకసారి కలయజూసింది. విస్తళ్ళు పక్కన పెట్టించి, చిన్న టిఫిన్ ప్లేట్లు తెప్పించింది. పెద్ద గరిటెలు లాక్కుని చిన్నవి చేతికిచ్చింది. విస్తట్లో ఓ మూలకు కూడా రాని పులిహోర ఆ ప్లేట్లలో గుట్టలా కనిపించింది. సాంబారు కాస్త పలచబడింది, మజ్జిగ ఇంకాస్త. మారు అడిగినవాళ్ళకు మారు వేశారు. కడుపు నిండిందని కొందరు మిగిల్చారు కూడా.

దేవానందం చేయి కడుక్కుని లేచాడు. గోపాలకృష్ణయ్య కండువా సర్దుకున్నాడు. దేవానందం మాత్రం నేరుగా వంటపాకలో ఉన్న వీరరాఘవమ్మ దగ్గరికి నడిచాడు.

"వండింది నలభై మందికి. తిన్నది వందమంది. ఒక్కడూ గొణగలా. కాలవ చివరి పొలాలకి నీళ్ళు పంచేదానికి ఇట్టాంటి చెయ్యే కావాలమ్మా. సంఘంలో నిలబడాలంటే పొలం ఉండాల. మీ పొలం నీ పేరు మీదేనా?"

"నా పేరు మీదే," అంది వీరరాఘవమ్మ, గరిటె దించకుండా.

ఊరు చప్పట్లు కొట్టింది. గోపాలకృష్ణయ్య కాస్త ఆలస్యంగా మొదలుపెట్టినా అందరికంటే గట్టిగా కొట్టాడు.

దేవానందం మనుషులు గోపాలకృష్ణయ్య కోసమని కట్టించుకొచ్చిన దండ ఆవిడకు మోకాళ్ళ దాకా వచ్చింది.