ఆరో నంబరు సలహాలు

ఇంట్లో ఓవర్‌టైమ్ అని చెప్పి డిక్షనరీ గారు ఇంగ్లీషు క్లాసుకు వెళ్లడం మొదలుపెట్టి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజుల్లో ఆయన నేర్చుకున్న ఇంగ్లీషు ముక్కల కంటే ఇంట్లో ఆడిన అబద్ధాలే ఎక్కువ.

వీధివాళ్లు ఆయనకు ఆ పేరు పెట్టి ఇరవై ఏళ్లు. మందుసీసా మీది అక్షరాలు గానీ, ఆఫీసుల నుంచి వచ్చిన కాగితాలు గానీ చేతిలో పెడితే చాలు, ముందు కళ్లజోడు, తర్వాత గొంతు సవరించుకుని ఏదో ఒక అర్థం చెప్పి పంపేసేవారు. అది తప్పని చెప్పగలిగినంత ఇంగ్లీషు ఆ వీధిలో ఎవరికీ లేదు కనక పేరు చెక్కుచెదరలేదు. అందరికంటే గట్టిగా నమ్మింది ఆయన భార్య. ఇంటికొచ్చిన ప్రతి ఉత్తరమూ విప్పకుండా తెచ్చి ఆయన చేతికే ఇచ్చేది.

చిక్కు ఆఫీసులో వచ్చిపడింది. ఆయన పని లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫోనెత్తడం. ఏ భవనంలో ఏ లిఫ్టు ఆగిపోయిందో రాసుకుని మెకానిక్కును పంపాలి. కొత్తగా వచ్చిన మేనేజరు ఒకరోజు పిలిచి, "మీకు ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చటగా! లిఫ్టుల్లో పెట్టే బోర్డులు మీరే రాయండి. జనం తప్పకుండా చెయ్యాల్సినవి కొన్ని, చేస్తే మంచివి కొన్ని. నెలాఖరుకు నా టేబులు మీద ఉండాలి" అన్నాడు.

"ఓయెస్" అన్నారు డిక్షనరీ గారు. ఆయనకు ధారాళంగా వచ్చే ఇంగ్లీషులో అది సగం.

బేకరీ మేడ మీద క్లాసు. పాఠం చెప్పే మేడమ్ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ మామూలుగా మాట్లాడినా దూరపు ఊరికి ట్రంకుకాల్లో అరిచినట్టే ఉంటుంది.

"షుడ్ అంటే, వింటే మీకే మంచిది. మస్ట్ అంటే, విని తీరాలి. హావ్ టు అంటే, ఇష్టమున్నా లేకపోయినా తప్పదు."

"పెళ్లయినవాళ్లకు మూడూ ఒకటే కదండీ" అన్నాడు వెనక బెంచీ మీంచి బేకరీ యజమాని.

మేడమ్ నవ్వలేదు. గోడకు అడ్డంగా కట్టిన తీగ చూపించారు. దానికి బట్టలారేసుకునే క్లిప్పులున్నాయి. "ఒక్కొక్కరూ ఇంట్లో ఉన్న బాధ ఒకటి ఇంగ్లీషులో రాసి ఇక్కడ తగిలించండి. పేరొద్దు, నంబరు చాలు. మీ బాధ తీరేదాకా ఉదయం బ్యాచి వాళ్లు సలహాలు రాస్తారు. తర్వాత వాళ్ల బాధలకు మీరు రాయాలి."

పధ్నాలుగో నంబరు డిక్షనరీ గారిది. ఆయన రాసింది ఏ ఇంగ్లీషో పైవాడికే తెలియాలి గానీ, మనం తెలుగులో చెప్పుకుందాం. 'నేను గొప్ప పండితుణ్ణి. నా భార్యకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. పొద్దస్తమానం కుట్టుమిషను టకటకలాడిస్తుంది. తడి తువ్వాలు మంచం మీద వేశానని రోజూ గొడవ. నేనేం చెయ్యాలి?'

మర్నాడు ఆరో నంబరు నుంచి జవాబొచ్చింది. 'అయ్యా, మీ బాధ చదివి గుండె తరుక్కుపోయింది. మీవంటి పండితులు ఓపిక పట్టడం మంచిది. తువ్వాలు మీరే ఆరేస్తే మంచిది. సాయంత్రం టీ కూడా మీరే పెడితే ఇంకా మంచిది.' అన్నీ షుడ్లే. ఎంత మర్యాద! ఎవరో రిటైరైన జడ్జి గారై ఉంటారని ఆయన తీర్మానించుకున్నారు.

"ఏమండీ, తువ్వాలు దండెం మీద ఉందేమిటి! ఒంట్లో బాగానే ఉందా?" అంది భార్య.

"పెద్దవాళ్లు చెప్పారులే."

"ఎవరా పెద్దవాళ్లు?"

"ఆఫీసులో... ఒక జడ్జి గారు."

"లిఫ్టుల ఆఫీసులో జడ్జి గారికేం పని?"

"ఇరుక్కున్నారు" అని డిక్షనరీ గారు టీ పెట్టడానికి వంటింట్లోకి తప్పుకున్నారు.

రెండో వారం జడ్జి గారు కూరగాయలు తరగమన్నారు, తరిగారు. అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నారు, తీసుకెళ్లారు. తిరిగొస్తుంటే, నాకు అత్తగారున్నట్టు నేను రాయలేదే అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. జడ్జీలకు తెలియనిదేముంటుంది అనుకుని సర్దుకున్నారు.

మూడో వారానికి షుడ్లు అయిపోయి అన్నీ మస్ట్‌లే రావడం మొదలైంది. 'వంటింటి సింకు కింద పైపు ఏడాదిగా కారుతోంది. మీరు బాగుచేసి తీరాలి.'

ఆదివారం పొద్దున డిక్షనరీ గారు రెంచి పట్టుకుని సింకు కింద దూరారు. కారే పైపును ఒక్క తిప్పు తిప్పేసరికి అది కారడం మానేసి ఊడొచ్చింది. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టారు. నీళ్లు ఆయన్ని లెక్కచెయ్యలేదు. వంటిల్లు దాటి, హాలు దాటి, కుట్టుమిషను కాళ్ల దాకా పోయాయి.

"మెయిన్ కుళాయి కట్టెయ్యండి!" అంటూ భార్య పరిగెత్తింది. అయితే ఆవిడ ముందుగా కాపాడింది కుట్టి పెట్టిన బట్టల్ని కాదు. మిషను సొరుగు లాగి, అందులోంచి పాత కవరొకటి తీసి జాకెట్లో దోపుకుంది.

"ఏమిటది?" అన్నారాయన, నెత్తి మీంచి నీళ్లు కారుతుండగా.

"మీరు చదివిందేగా. అందులో తొందరేమీ లేదన్నారుగా."

ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే ఆయనకు లోపలెక్కడో గుచ్చుకుంది.

మర్నాడు సాయంత్రం క్లాసులో, ఉదయం బ్యాచి వాళ్లు రాసిన బాధలు పంచారు. ఆయన చేతికి ఆరో నంబరు కాగితమే వచ్చింది. జడ్జి గారికి కూడా బాధలా అని ఉత్సాహపడుతుంటే మేడమ్ నిలబెట్టి పైకి చదవమన్నారు.

'నాలుగేళ్ల కిందట కుట్టుపని నేర్పే కేంద్రం నుంచి ఉద్యోగం ఇస్తామని నాకొక ఉత్తరం వచ్చింది. నా భర్తకు ఇచ్చాను. అభినందనలు చెప్పారు, వీలున్నప్పుడు ఎప్పుడైనా రమ్మన్నారు అన్నారాయన. చేతిలో ఉన్న బట్టలు కుట్టిచ్చి మూడు వారాలకు వెళ్లాను. ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు. మొన్న ఈ క్లాసులో ఆ ఉత్తరం నాకు నేనే చదువుకున్నాను. సోమవారం పదింటికి వచ్చి తీరాలని ఉంది. ఇప్పుడక్కడ మళ్లీ ఖాళీ వచ్చింది, మళ్లీ ఉత్తరం వచ్చింది. నేనే చదువుకోగలను. అయినా ఆయన చేతికే ఇస్తాను. ఈసారి ఆయన ఏం చెప్పాలి?'

చివరి వాక్యం దగ్గర డిక్షనరీ గారికి జడ్జి గారెవరో తెలిసిపోయింది. ఆ ఉత్తరం ఆయనకు బాగా గుర్తుంది. అందులో ఆయనకు తెలిసిన మాటలు మూడే: డియర్, ప్లీజ్డ్, కమ్. ఆ రోజు ఆవిడ ఎదురుగా నిలబడి ఆశగా చూస్తోంది. నాకు అర్థం కాలేదనడానికి నోరు రాలేదు. మిగిలిందంతా సొంతంగా కల్పించారు. ఉద్యోగం పోయిందని ఆవిడ ఇంటికొచ్చి ఏడ్చిన రోజున, మాట మీద నిలబడని మనుషులని ఆ కేంద్రం వాళ్లనే తిట్టారు కూడా.

సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. ఎక్కడైనా లిఫ్టు కనిపిస్తే అందులో దూరి మధ్యలో ఆపేసుకోవాలనిపించింది.

"మస్ట్ పెట్టి జవాబు రాయండి" అన్నారు మేడమ్.

ఆయన చాలాసేపు రాశారు. తీరా చూస్తే ఒకటే వాక్యం. 'ఆయన తనకు రాదని చెప్పి తీరాలి.' దాన్ని తీగకు క్లిప్పు పెట్టి ఇంటిదారి పట్టారు.

ఇంటికి వెళ్లేసరికి ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది. కొత్త కవరు చాపింది. "ఏమండీ, ఇది కాస్త చదివి పెడతారా?"

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. గొంతు మాత్రం సవరించుకోలేదు. క్లాసు పుణ్యమా అని ఈసారి సగం అర్థమవుతోంది. ఆ సగంతో పరువు నిలబెట్టుకోవచ్చు. కాగితం మడిచి ఆవిడకే ఇచ్చేశారు.

"ఇందులో సగమే తెలుస్తోంది. నాలుగేళ్ల కిందటిది సగం కూడా తెలియలేదు. నాకు ఇంగ్లీషు రాదే."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీ కాగితం క్లిప్పుకు తగిలించిన మర్నాటి నుంచి. నేను గొప్ప పండితుణ్ణి అని రాసుకునేవాళ్లు నాకు తెలిసి ఒక్కరే." ఆవిడ దారం కొరికి పక్కన పెట్టింది. "రాకపోవడం తప్పు కాదండీ. ఆ రోజే రాదని చెప్పుంటే పక్కవీధి టీచరమ్మతో చదివించుకునేదాన్నిగా. నాలుగేళ్లు పోయాయి."

తప్పయిపోయింది అన్నారాయన, ఆవిడ మొహంలోకి చూడలేక మిషను చక్రం వైపు చూస్తూ.

"కూర్చోండి, నేను చదువుతాను" అందావిడ. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. వచ్చే సోమవారం, పది గంటలకు, సర్టిఫికెట్లతో వచ్చి ఉద్యోగంలో చేరి తీరాలి. చదివాక కాగితం జాగ్రత్తగా మడిచి, "లిఫ్టు బోర్డులు కూడా నేనే రాసిపెడతాను. మేనేజరుకు ఎవరు రాశారో మాత్రం చెప్పాలి" అంది.

"షుడ్డా, మస్టా?" అన్నారాయన బిక్కుబిక్కుమంటూ.

ఆవిడ చూసిన చూపుకు ఏ తర్జుమా అక్కర్లేకపోయింది.

ఆ సోమవారం సాయంత్రం పక్కింటి తాతగారు మందుసీసా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "డిక్షనరీ గారు ఉన్నారా?"

ఆయన భుజం మీద తువ్వాలుతో, చేతిలో టీ గిన్నెతో వంటింట్లోంచి తొంగి చూశారు. ఇరవై ఏళ్ల అలవాటు గొంతు దాకా వచ్చింది. మింగేశారు.

"ఉన్నారండీ. ఇప్పుడే ఉద్యోగం నుంచి వచ్చి మిషను దగ్గర కూర్చున్నారు, లోపలికి వెళ్లండి" అన్నారు. "నేను టీ పెట్టే ఆయన్ని."