నాలుగో అంతస్తు పేదవాడు

"ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు!" అన్నాడు భూతద్దం, కాలరు ఎగరేస్తూ.

మొదటిరకం ఇంతవరకూ ఒక్కడూ లేడని నాకు తెలుసు. ఫోటో స్టూడియో మూతపడ్డాక డిటెక్టివ్ అవతారమెత్తిన నా చిన్ననాటి స్నేహితుడు వాడు. పాత నెగటివ్‌లు చూసుకునే భూతద్దం ఒక్కటే మిగిలింది. పేరు కూడా అదే మిగిలింది.

"మహానుభావా, పోయింది నా చొక్కా. వెతికిపెట్టు, చాలు."

"చొక్కా ఒక్కటే అంటావేమిట్రా వెర్రివాడా! మరి అందులో మనిషేమయ్యాడు?"

"అందులో మనిషిని నేనేరా. నీ ఎదురుగానే ఉన్నాను."

"అదే అనుమానంగా ఉంది," అన్నాడు, భూతద్దంలోంచి నా ముక్కు పరిశీలిస్తూ.

నా అసలు దిగులు చొక్కా కాదు. ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసుకుని బతికేవాణ్ణి. మేముంటున్న రేకుల గదిని నెలాఖరుకి పడగొట్టేస్తున్నారు. గది వెనకే నాలుగంతస్తుల మేడ. అంత మేడ కట్టినవాడు ఒక వాటాని తక్కువ రాబడివాళ్ళకి తక్కువ అద్దెకివ్వాలని మా ఊరి నిబంధన. వెళ్ళి అడిగితే మేడ యజమాని, "అయ్యో, ఆలస్యంగా వచ్చావయ్యా! నాలుగో అంతస్తులో ఇప్పటికే ఒక పేదవాడున్నాడు," అన్నాడు.

ఆ పేదవాణ్ణి ఏనాడూ ఎవరూ చూడలేదు. గొప్పవాళ్ళ మేడల్లో పేదవాడు కూడా దేవుడిలాంటివాడే. ఉన్నాడంటే నమ్మాలి. మా ఆవిడ నమ్మలేదు. గృహవసతి ఆఫీసులో అర్జీ పడేసింది. విచారణకి మనిషొస్తాడన్నారు. ఈలోగా ఈ చొక్కా గొడవ.

"అన్నయ్యా, తీగమీద మంచి చీర వదిలేసి ఆ పీలికని పట్టుకుపోయాడంటే దొంగకి మతి ఉందంటారా?" అంది మా ఆవిడ.

"చెల్లెమ్మా, అది మారువేషాల ముఠా!" అన్నాడు భూతద్దం, గొంతు తగ్గించి. ప్రహరీగోడ దగ్గర చెప్పు గుర్తొకటి కనిపెట్టాడు. బోర్లా పడుకుని కొలిచాడు. అది తన చెప్పేనని తేలడానికి అరగంట పట్టింది.

లేచి దులుపుకుంటూండగా, చంకలో సంచీ ఉన్న మనిషొకడు వాటాల నంబర్లు చూసుకుంటూ మేడలోకి వెళ్ళాడు.

"అడుగో, ముఠానాయకుడు! సంచిలో నీ చొక్కా!"

"ఒరేయ్, ఆగరా!"

ఆగితే వాడు భూతద్దమెందుకవుతాడు? నేనూ వెంటపడ్డాను.

నాలుగో అంతస్తులో ముగ్గురున్నారు. మేడ యజమాని కళ్ళు ఒత్తుకుంటున్నాడు. సంచీ మనిషి ఏదో రాసుకుంటున్నాడు. మూడోవాడు చేతులు కట్టుకుని, "పేదవాణ్ణి బాబయ్యా... ఈ ధర్మప్రభువు నీడలో పడున్నాను," అంటున్నాడు.

"కదిలావో కాల్చేస్తా!" అని భూతద్దం చూపుడువేలు గురిపెట్టి సంచీ మనిషి మీదకి దూకాడు. మెట్లు అప్పుడే కడిగారు. కాలు జారింది. సంచీ మనిషిని తప్పిపోయి, దుంగలా వెళ్ళి పేదవాడి మీద పడి, ఆసరాకి కాలరు పట్టుకున్నాడు. చొక్కా పర్రుమని నడుందాకా చిరిగింది. లోపల పట్టుబనీను, దానిమీద వేలెడు లావు బంగారు గొలుసు.

జేబు మీద టంకం వేసేటప్పుడు కాలిన చిల్లు నాకు కనిపించింది. "అది నా చొక్కా!"

"అక్కా! చంపేస్తున్నాడే!" అని కేకపెట్టాడు పేదవాడు.

ఎదురు తలుపు తెరుచుకుంది. యజమాని భార్య గరిటెతో ప్రత్యక్షమైంది.

"ఎవడ్రా మా తమ్ముడి మీద చెయ్యేసింది? ఇంకొకరి చొక్కా ఎత్తుకొచ్చే ఖర్మ వాడికేమిటి? మా పుట్టింటివాళ్ళంటే ఏమనుకున్నారు? వాడికి సొంతానికి రెండిళ్ళున్నాయి! ఏమండీ, చెప్పరేం?"

ఆయన వద్దు వద్దని చేత్తో సైగ చేశాడు. సంచీ మనిషి కలం ఆపాడు.

"రెండిళ్ళా, అమ్మా?"

"మూడోది కడుతున్నాడు!" అంది ఆవిడ, తలెగరేసి.

"నేను గృహవసతి ఆఫీసు నుంచండీ," అన్నాడాయన మెల్లగా.

గరిటె కిందికి దిగింది. పేదవాడు గొణిగాడు: "నేనేం చెయ్యను బావా? వీధంతా వెతికినా ఇంతకంటే దీనమైన చొక్కా దొరకలేదు."

నా బతుక్కి అంతకంటే గొప్ప యోగ్యతాపత్రం ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. ఆఫీసాయన చొక్కాకేసి చూశాడు, నాకేసి చూశాడు.

"అర్జీ పెట్టింది మీరేనా?"

"మా ఆవిడండి."

"ఈ వాటా మీకే రాస్తాను. సామాను సర్దుకోండి."

కిందికి దిగుతూ అడిగాను. "ఏరా, నువ్వు దూకింది ఆఫీసాయన మీదకి కదూ?"

"చూసేవాళ్ళకి అలాగే అనిపించాలి."

"జారిపడ్డావు."

"నేరస్థుడి వైపే జారాను. అది గమనించు."

నెలాఖరుకి నాలుగో అంతస్తు చేరాం. మా ఆవిడ కొత్త తీగ కట్టింది. దానిమీద ఆరాల్సిన చొక్కా మాత్రం ఇంటికి రాలేదు. సాక్ష్యమట. భూతద్దం దాన్ని మూతపడ్డ తన స్టూడియో గోడకి అద్దపు చట్రంలో బిగించి, కింద పెద్దక్షరాలతో రాశాడు: 'నాకు దొరికిన మొదటి నేరస్థుడు.'

చిల్లు చూసి చొక్కా నాదేనని వీధంతా గుర్తుపడుతోంది.